గేటు దగ్గర ఊపిరి

రేపల్లె,
ఫిబ్రవరి 26, 2025

తమ్ముడు ఇమాముద్దీన్‌కి అక్క రహీమున్నీసా రాసేది. అస్సలాము అలైకుం.

నువ్వు బాపట్ల చేరాక ఫోన్ చేశావట. పక్కింటి రాజమ్మ గారు వచ్చి చెప్పేదాకా ఫోను మోగిందని నాకు తెలియలేదు. చెవి మిషను పెట్టుకుంటే ఈల వేస్తుంది, తీసేస్తే ఏమీ వినపడదు. మనం ఫోన్లో మాట్లాడుకోవాలంటే నువ్వక్కడ అరవాలి, నేనిక్కడ అరవాలి. మన ఇంటి సంగతులు వీధి చివర టీ కొట్టుదాకా వెళ్తాయి. నా ఫోన్లో మెసేజీ అక్షరాలు చీమల్లా ఉంటాయి. అందుకే ఉత్తరాలు రాసుకుందాం. బాపట్ల వెళ్లేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతికిస్తాను, లేకపోతే పోస్టులో వేస్తాను.

నేనిచ్చిన తరవాణి కుండ జాగ్రత్త. రోజూ అన్నం వార్చిన గంజి అందులో పొయ్యి. కుండ పూర్తిగా ఖాళీ చెయ్యకు. అడుగున పాతది కాస్త ఉంటేనే కొత్తది పులుస్తుంది. రంజాన్ రోజాలు మొదలయ్యాక, సాయంత్రమే పైతేట బాటిల్లో వంచుకొని, నిమ్మకాయంత బెల్లం, చిటికెడు జీలకర్ర వేసి మూత బిగించి పెట్టుకో. తెల్లవారుజామున సహరీకి తాగితే పగలంతా దాహం వెయ్యదు, ఒళ్లు చల్లగా ఉంటుంది. ఆ బాటిల్ని మరీ తోమెయ్యకు, అడుగున కొంచెం ఉంచి మళ్లీ నింపు. మీ బావకి ఇలాగే కట్టి ఇచ్చేదాన్ని. మందు మీదకి మనసు పోకుండా ఉంటుందని రాజమ్మ గారి అత్తగారు చెప్పింది.

నీ ట్యాంకరు మొన్న వీధి మొగలో ఆపావు చూడు, దాని పక్కన నిలబడితేనే నాకు గుండె దడ పుట్టింది. వేమూరు దగ్గర మీ బావ లారీ కాలవలో పడ్డ రోజు దానిలో ఉన్నది సిమెంటు. అయినా సైకిలు మీద వెళ్తున్న మనిషి పోయాడు, ఆయనా పోయాడు. నీ వెనకాల ఉన్నది అమోనియా. ఊళ్ల మధ్యలోంచి వెళ్లేటప్పుడు నెమ్మదిగా పో.

ముబీనాకి కుట్టిన జాకెట్లు రెండు సిద్ధంగా ఉన్నాయి. తెనాలిలో నీ పెళ్లాం పిల్లల దగ్గరకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లు.

మీ అక్క,
రహీమున్నీసా


బాపట్ల,
మార్చి 6, 2025

అక్కకి ఇమాముద్దీన్ సలాములు.

ఇక్కడ క్షేమం. రోజాలు బాగానే గడుస్తున్నాయి. పగలు ఎండ మండిపోతోంది, కాబిన్లో కూర్చుంటే పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంటుంది. అయినా నీ తరవాణి వల్ల గొంతు ఎండటం లేదు. నువ్వు చెప్పినట్టే బెల్లం వేస్తున్నాను. మొదట మామూలుగా ఉండేది, ఇప్పుడు బాగా రుచి పట్టింది. మూత తిప్పితే గోలీసోడాలాగా బుస్సుమంటుంది.

మా యార్డులో కొత్త సంవత్సరం నుంచి ఒక పద్ధతి పెట్టారు. నీకు చెప్పలేదనుకుంటాను. ప్రమాదకరమైన సరుకు నడిపే డ్రైవర్లు రోజూ గేటు దగ్గర మిషన్లో గొట్టం పెట్టి ఊదాలి. మందు వాసన ఏమాత్రం ఉన్నా అది మోగుతుంది. రోడ్డు మీద పోలీసులు పట్టుకుంటే రక్తంలో ముప్పై దాటితేనే కేసు. మా కంపెనీలో మాత్రం సున్నా ఉండాలి. ఒకసారి మోగితే వారం పని లేదు. రెండోసారి మోగితే విచారణ. మూడోసారికి, ఇతను ఇలాంటి సరుకు నడపడానికి పనికిరాడని రవాణా ఆఫీసుకి రాస్తారు. ఆ తర్వాత ఇసుక లారీ కూడా ఎవరూ ఇవ్వరు.

ఇందులో నేను భయపడాల్సింది ఏమీ లేదనుకో. మన ఇంట్లో మందు సంగతి తెలిసినవాడు బావ ఒక్కడే. అయినా గొట్టం నోట్లో పెట్టుకున్నప్పుడల్లా పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది. గేటు మీద చెంచురామయ్య గారని పెద్దాయన ఉంటారు. “ఊదు నాయనా, పెళ్లిలో సన్నాయి అనుకొని ఊదు” అంటారు. అందరూ నవ్వుతారు.

సహరీ నేను గేటు బయట షెడ్డులోనే చేస్తున్నాను. గదిలో కూర్చుంటే బండ్ల వరుసలో వెనకబడిపోతాను. అజాన్ వినపడేదాకా బాటిల్ పట్టుకొనే కూర్చుంటాను. చివరి గుక్క తాగి, నమాజు చదువుకొని, వెళ్లి ఊదుతాను.

నీ చెవికి కొత్త మిషను సంగతి పండగ తర్వాత చూద్దాం.

నీ తమ్ముడు,
ఇమాం


బాపట్ల,
మార్చి 13, 2025

అక్కా,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. ముబీనాకి చెప్పకు.

ఈ రోజు పొద్దున మిషను మోగింది.

వరుసలో నా ముందు ముగ్గురు ఊదారు, ఏమీ కాలేదు. నేను ఊదగానే ఎర్ర లైటు వెలిగి అరిచింది. నాకు మొదట అర్థం కాలేదు, వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరిదో అనుకొని.

చెంచురామయ్య గారు కళ్లజోడు పైకి జరుపుకొని, “ఏంటయ్యా ఇమాముద్దీనూ, రంజాన్ నెలలో కూడానా?” అన్నారు.

“సార్, నేను జన్మలో ముట్టలేదండి.”

“మరి ఈ మిషనుకి నీ మీద పగా? నీళ్లు తాగి మళ్లీ ఊదు.”

“రోజాలో ఉన్నానండి. నీళ్లు తాగను.”

“మందుకి అడ్డం రాని రోజా మంచినీళ్లకి వచ్చిందా?” అని వెనకనించి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మళ్లీ ఊదడానికి ఒప్పుకోలేదని రాసుకొని సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

వారం పని లేదు. గదిలో కూర్చున్నాను. రెండు పూటలా నేను తిన్నవి, తాగినవి గుర్తు తెచ్చుకుంటున్నాను. అన్నం, పప్పు, గుడ్డు, ఖర్జూరాలు, నీ తరవాణి. ఇంకేమీ లేదు. దగ్గు మందు కూడా లేదు. గదిలో నాతో ఉండే కుర్రాళ్లు ఆదివారం తాగుతారు, కానీ వాళ్ల గ్లాసు నేను తాకను. నీళ్ల బాటిళ్లు మారిపోయాయేమో అని కూడా చూశాను.

మిషను పాడైందేమో. కానీ మిగతా అందరికీ సరిగ్గా పని చేసింది కదా. నాకు భయంగా ఉంది అక్కా. తప్పు చేసి దొరికిపోతే ఇంత భయం ఉండదనుకుంటాను. అప్పుడు మానేస్తే సరిపోతుంది. ఏది మానెయ్యాలో తెలియకపోతే ఏం చెయ్యను?

తెనాలి వెళ్లడం లేదు. డ్యూటీ ఎక్కువగా ఉందని ముబీనాకి చెప్పాను.

ఇమాం


రేపల్లె,
మార్చి 16, 2025

ఇమాముద్దీన్,

నీ ఉత్తరం ముగ్గురి చేతులు మారి నిన్న సాయంత్రం అందింది. ఇఫ్తార్‌కి కూర్చున్నదాన్ని ఖర్జూరం చేతిలోనే ఉంచుకొని చదివాను.

నిన్ను తిట్టాలని రాయడం లేదు. కానీ ఒక్క సంగతి చెప్తాను. “నేను ముట్టలేదు” అనే మాట నేను ఈ ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో నీకు తెలియదు. అప్పుడు నా చెవులు బాగానే ఉండేవి. మీ బావ ఆఖరి రెండు నెలలు మానేశానని చెప్పాడు. నేనూ నమ్మాలనే చూశాను. పోయిన రోజు పొద్దున లారీ ఎక్కే ముందు, నోటి దగ్గర కాస్త వాసన వచ్చి అడిగాను. ఖురాను మీద చెయ్యి పెట్టి ముట్టలేదని ప్రమాణం చేశాడు. ఆ చెయ్యి వణికింది. నిజం చెప్పేవాడి చెయ్యి ఎందుకు వణుకుతుంది? “నీ మాట నమ్మను, పో” అన్నాను. పోయాడు. పోస్టుమార్టంలో మద్యం ఉందన్నారు. చనిపోయిన సైకిలాయన భార్య మా గుమ్మం ముందు కూర్చొని నన్ను చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నువ్వు చిన్నప్పటినుంచి మంచివాడివే. కానీ ఒంటరిగా ఉంటున్నావు, గదిలో తాగేవాళ్లున్నారు, రోజంతా ఆ గ్యాసు భయంతో నడుపుతున్నావు. ఒక్కసారి ఎవరో బలవంతం చేసి ఉంటే చెప్పు. నాకు చెప్పినంత మాత్రాన తల తెగిపోదు. చెప్పకుండా బండి ఎక్కితేనే నాకు భయం.

తరవాణి మానకు. ఒక గ్లాసు తాగేవాడివి రెండు తాగు, బెల్లం ఇంకాస్త వెయ్యి. ఒంట్లో వేడి తగ్గితే ఆ కోరిక కూడా తగ్గుతుంది. ఇది మటుకు అక్క మాటగా విను.

ఇక్కడ రాజమ్మ గారి పిల్లి నా కుట్టు మిషను కింద ఈనింది. తొక్కుతుంటే పిల్లలు బెదురుతాయని రెండు రోజులుగా పని ఆపాను.

రహీమున్నీసా


బాపట్ల,
మార్చి 21, 2025

అక్కా,

నువ్వు నమ్మలేదు. సరే. నీ స్థానంలో నేనున్నా నమ్మనేమో.

అయినా నీ మాట విన్నాను. రెండు గ్లాసులు తాగాను, బెల్లం పెంచాను. నిన్న మళ్లీ డ్యూటీలోకి వెళ్లాను, సెలవు తర్వాత మొదటి రోజు ఆఫీసులో కాగితాల పనే. ఈ రోజు బండి ఇస్తామన్నారు. గేటు దగ్గర ఊదాను.

మోగింది. పదకొండు అని చూపించింది.

ఈసారి సేఫ్టీ ఆఫీసరు హర్ష సార్ అక్కడే ఉన్నారు. చిన్న వయసు, మర్యాదగానే మాట్లాడతారు. “నీళ్లు మింగక్కర్లేదు, పుక్కిలించి ఉమ్మెయ్యండి. పావుగంట ఆగి మళ్లీ ఊదండి. రూలు అదే” అన్నారు. పుక్కిలించడం రోజాకి అడ్డం కాదు కదా, పుక్కిలించాను. బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ పావుగంట సేపు నా ట్యాంకరు నా ఎదురుగానే నిలబడి ఉంది. మళ్లీ ఊదాను. ఆరు. తగ్గింది కానీ సున్నా కాలేదు.

“నోట్లోది కాదండీ, ఇది ఒంట్లోది” అన్నారు ఆయన. చెంచురామయ్య గారు ఈసారి జోకు వెయ్యలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

ఏప్రిల్ తొమ్మిదిన విచారణ. అంతవరకు యార్డులోకి రాకూడదు.

ఒంట్లోకి ఎలా వచ్చింది అక్కా? నిద్రలో లేచి ఆ కుర్రాళ్ల సీసా తీసి తాగుతున్నానా? ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది కానీ, నిద్ర లేచాక దిండు వాసన చూసుకుంటున్నాను. నా చొక్కా వాసన చూసుకుంటున్నాను. ఎవరైనా నా అన్నంలో కలుపుతున్నారేమో అని క్యాంటీన్ మానేసి నేనే వండుకుంటున్నాను. నా బండి మీద కన్నేసినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు టీ ఇస్తే కూడా అనుమానంగా ఉంటోంది, అదీ రోజాలో ఉన్నవాడికి టీ ఎందుకిస్తున్నారా అని.

మసీదులో మొదటి వరుసలో నిలబడటం మానేశాను. పక్కవాడు నా నోటి దగ్గరకి ముక్కు పెడతాడేమోనని.

ముబీనాకి చెప్పకు. మళ్లీ అడుగుతున్నాను. నేనే వెళ్లి చెప్తాను, కాస్త ధైర్యం రానీ.

ఇమాం


రేపల్లె,
మార్చి 24, 2025

ఇమాముద్దీన్,

నువ్వు వద్దన్న పని చేశాను. నిన్న తెనాలి వెళ్లాను.

నీ ఉత్తరం చదివాక కూర్చోలేకపోయాను. నిద్రలో తాగుతున్నానేమో అని రాశావు. మీ బావ కూడా ఒకసారి అదే మాటన్నాడు, తనకి తెలియకుండా జరుగుతోందని. అప్పుడు నేను ఎవరికీ చెప్పకుండా దాచాను. ఇంటి పరువనుకున్నాను. నేను దాచకపోతే ఎవరో ఒకరు ఆ లారీ తాళం లాక్కొని ఉండేవారు. రెండోసారి దాచలేను.

ముబీనా వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. జాకెట్లు తెచ్చానని చెప్పాను. తర్వాత ఇది చెప్పాను. తను ఏదో గట్టిగా అంది. నాకు వినపడక “ఏంటమ్మా?” అన్నాను. పెదవులు చూస్తే “ఎన్నాళ్లనించి?” అన్నట్టు అర్థమైంది. పిల్లవాడి పలక తెచ్చి దాని మీద రాసింది: “డ్యూటీ అని చెప్పాడు.” దాని కిందే రాసింది: “అబద్ధం మొదలైందంటే మిగతాదీ నిజమే.”

నేను నెమ్మదిగా చెప్పబోయాను, మందు కోరిక తగ్గడానికి తరవాణి ఇస్తున్నానని. తను లోపలికి వెళ్లి సంచీ సర్దుకుంది. పిల్లల్ని తీసుకొని పేరాల, వాళ్ల అమ్మ దగ్గరకి వెళ్తానంది. ఆపలేకపోయాను.

నామీద కోపం రావచ్చు. రానివ్వు. నువ్వు ప్రాణాలతో ఉండి నామీద కోపంగా ఉంటే నేను భరించగలను.

మీ అక్క


తెనాలి,
మార్చి 28, 2025

అక్కా,

ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురింటివాళ్లు తాళం చెవి ఇచ్చారు, నా మొహం చూడకుండా ఇచ్చారు. నువ్వు చెప్పావు. అయిపోయింది. దాని గురించి ఇంకేమీ రాయను.

బాపట్ల గది ఖాళీ చేసి వచ్చేశాను. బస్సులో ఇంకో అవమానం. కుండ పగిలిపోతుందని దానిలోది అంతా పెద్ద బాటిల్లో పోసి, ఎప్పట్లాగే బెల్లం వేసి, మూత బిగించి సంచీలో పెట్టుకున్నాను. మిట్టమధ్యాహ్నం ఎండ. పొన్నూరు దాటుతుండగా సంచీలో టపీమని చప్పుడు. మూత ఎగిరిపోయింది. బట్టలన్నీ తడిసి, నురగ కారి, బస్సంతా కంపు. పక్కన కూర్చున్నాయన ముక్కు మూసుకొని లేచాడు. “టోపీ పెట్టుకొని ఇదేం పనండీ?” అన్నాడు. కండక్టరు వచ్చి వాసన చూసి, దిగిపొమ్మన్నాడు. తరవాణి అండీ అన్నాను. “మా తాతగారు తాగేవారు తరవాణి, నాకు తెలీదా ఆ వాసన?” అన్నాడు. దిగిపోయాను. తర్వాతి బస్సుకి వచ్చాను.

అందరికీ నేను తాగుబోతుగానే కనపడుతున్నాను. ఒక్కోసారి నాకూ అలాగే అనిపిస్తోంది. పొద్దున సహరీ చేశాక కాస్త ఒళ్లు తేలికగా, హాయిగా ఉండేది. రోజా బరకత్, అల్లా దయ అనుకునేవాణ్ణి.

రవాణా ఆఫీసుకి రాయకముందే నేనే లైసెన్సు తీసుకెళ్లి ఇచ్చేద్దామనుకుంటున్నాను. స్టీరింగ్ పట్టుకుంటే నామీద నాకే నమ్మకం లేదు. ఆ ట్యాంకరు ఊళ్లోంచి వెళ్తుంటే బడి పిల్లలు చేతులూపుతారు.

పండగకి రావద్దు. నేను మసీదుకి కూడా వెళ్లకపోవచ్చు.

ఇమాముద్దీన్


రేపల్లె,
ఏప్రిల్ 4, 2025

తమ్ముడూ,

లైసెన్సు ఎవరికీ ఇవ్వకు. ఇదంతా చదివేదాకా ఇంట్లోంచి కదలకు. ఫోన్ చేసి అరుద్దామనుకున్నాను, కానీ నువ్వు తిరిగి ఏమన్నావో నాకు వినపడదు. అందుకని రాసి, తెనాలి వెళ్లే రాజమ్మ గారి అల్లుడి చేతికిస్తున్నాను.

బాటిల్ మూత ఎగిరిందని రాశావు చూడు. తరవాణికి పులుపు ఉంటుంది కానీ మూత ఎగరదు. నా దగ్గరున్న కుండలోది బాటిల్లో వంచి, నీకు చెప్పినంత బెల్లం వేసి, మూత బిగించి ఎండ తగిలే కిటికీలో పెట్టాను. మర్నాడు కాస్త ఉంచి మళ్లీ నింపాను. అలా పండగ దాటేదాకా చేశాను. మొన్న మూత తీశాను.

మీ బావ వాసన వచ్చింది.

నాకు చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు. ఆ వాసన పక్కన అన్నేళ్లు పడుకున్నదాన్ని. బాటిల్ కింద పెట్టి గోడకి ఆనుకొని కూర్చుండిపోయాను. రాజమ్మ గారిని పిలిచి చూపించాను. “అయ్యో, మా అత్త బెల్లం అప్పటికప్పుడు కలుపుకోమందమ్మా, నానబెట్టమనలేదు” అందావిడ. నాకు సగమే చెప్పిందో, నేను సగమే విన్నానో.

నిన్న ఆ బాటిల్ తీసుకొని బాపట్ల వెళ్లాను. నీకు చెప్తే వద్దంటావు. మీ గేటు దగ్గర చెంచురామయ్య గారికి నేనెవరో చెప్పాను. చెవులు పనిచెయ్యవని చెప్పాను. ఆయన హర్ష గారిని పిలిచాడు. నేను చెప్పిందంతా ఆ అబ్బాయి నిలబడి విన్నాడు. నేను గట్టిగా మాట్లాడి ఉంటాను, డ్రైవర్లంతా పోగయ్యారు.

“ముందు నన్ను ఊదనివ్వండి” అన్నాను. గొట్టం మార్చి ఎలా ఊదాలో చూపించారు. ఊదాను. సున్నా. అప్పుడు బాటిల్ తీసి, నీకు తాగమని చెప్పినట్టే రెండు గ్లాసులు తాగాను. తెలిసి తాగాను. దానికి అల్లా దగ్గర జవాబు నేను చెప్పుకుంటాను, నువ్వు బాధపడకు. పుక్కిలించాను. పావుగంట ఆ బెంచీ మీదే కూర్చున్నాను. చుట్టూ మగవాళ్లు. చెంచురామయ్య గారు తన కుర్చీ తెచ్చి నా ముందు అడ్డంగా వేసుకొని కూర్చున్నాడు, వాళ్లకి నేను కనపడకుండా.

మళ్లీ ఊదాను. అది మోగిందో లేదో నాకెలా తెలుస్తుంది? వాళ్ల మొహాలు చూశాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు తల దించుకున్నారు. అప్పుడు తెలిసింది.

హర్ష గారు సెల్లులో పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు: “మిషను సరిగ్గానే చెప్పిందమ్మా. ఒంట్లో ఉన్నదే చెప్పింది.” మరి మా తమ్ముడి సంగతేంటి బాబూ అన్నాను. చాలాసేపు రాసి, చెరిపి, మళ్లీ రాశాడు. నీళ్లు తాగనన్నందుకు ఒప్పుకోలేదని రాసింది కొట్టేస్తారట. మోగిన రెండుసార్లూ మాత్రం ఉంటాయట. దేనివల్లనో విచారణలో చెప్తాడట. తొమ్మిదిన నువ్వు వచ్చి ఊదాలి. సున్నా వస్తే బండి ఇస్తారు. ఏమాత్రం వచ్చినా మూడోసారి కింద లెక్క, ఇక ఆయన చేతిలో లేదన్నాడు. అప్పటిదాకా పులిసినదేదీ ముట్టకు. ఇడ్లీ కూడా వద్దు.

పేరాలకి కూడా ఉత్తరం రాశాను. తప్పు నాదని రాశాను.

ఇక రెండో సంగతి. మీ బావ చివరి రెండు నెలలూ రోజూ ఆ బాటిల్ నేనే కట్టి ఇచ్చాను. ఆ రోజు పొద్దున కూడా ఇచ్చాను. అప్పుడూ ఎండాకాలమే. మద్యం ఉందన్నారు గానీ, ఎంత అని నేను అడగలేదు. అడగాలని తోచలేదు, ముందే నమ్మేశాను. పోస్టుమార్టం కాగితం చింపేశాను. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. ఆయన నిజంగా తాగాడో, నేను పోసిందే తాగి ముట్టలేదన్నాడో. ఆ సైకిలాయన భార్య ఇంకా వేమూరులోనే ఉంటోంది.

లారీ పైకి తీసినప్పుడు నువ్వున్నావు. నీకేమైనా తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి. ఓదార్చడానికి మాత్రం ఏమీ రాయకు.

అక్క


బాపట్ల,
ఏప్రిల్ 10, 2025

అక్కా, సలాం.

నీ ఉత్తరం చదివి మసీదుకి వెళ్లాను. మౌల్వీ గారిని అడిగాను. తెలియక తాగినదానికి రోజాలు పోవన్నారు, తెలిశాక తాగకు అన్నారు. నీ సంగతి కూడా అడిగాను. “ఆమె కోసం దువా చేస్తాను” అన్నారు.

నిన్న వెళ్లాను. ముందురోజునుంచి వేడి అన్నం, పప్పు తప్ప ఏమీ తినలేదు. మజ్జిగ కూడా మానేశాను. గేటు దగ్గర అందరూ ఉన్నారు. నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. ఎవరూ నవ్వలేదు.

గొట్టం అందుకున్నాను. నా ఒంట్లో ఏమీ లేదని నాకు తెలుసు. అంత బాగా నాకు ఎప్పుడూ ఏదీ తెలియదు. అయినా చెయ్యి వణికింది. ఎంత వణికిందంటే గొట్టం పళ్లకి తగిలి టకటకమంది. చెంచురామయ్య గారు నా మణికట్టు పట్టుకొని, “ఏంటయ్యా అంత వణుకు? ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు” అన్నారు. చూడు, అన్నీ తెలిసిన మనిషే అలా అడిగారు.

ఊదాను. సున్నా.

విచారణలో రెండుసార్లూ అలాగే ఉంచారు. ఏడాదిలోపు ఇంకోసారి మోగితే ఇక మాటలుండవు అన్నారు. ఈ రోజు బండి తీశాను. నిజాంపట్నం ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చాను. రోజూ పొద్దున ఊదాలి. రోజూ ఇలాగే భయపడతాననుకుంటాను.

ముబీనా ఫోన్ చేసింది. పిల్లల పరీక్షలు అయ్యాక వస్తానంది. నీ ఉత్తరం గురించి ఏమీ అనలేదు. నువ్వు తెచ్చిన జాకెట్లు సరిపోయాయని మాత్రం చెప్పమంది.

బావ సంగతి అడిగావు. లారీ తీసేటప్పటికి కాబిన్ నిండా కాలవ నీళ్లు. ఏ బాటిలూ నేను చూడలేదు. ఏ వాసనా రాలేదు. ఎంత తాగాడో, ఏం తాగాడో, నిద్రపోయాడో నాకు తెలియదు. ఓదార్చవద్దన్నావు కాబట్టి ఇంతే రాస్తున్నాను.

కానీ నువ్వు ఒక ఉత్తరంలో రాశావు, నిజం చెప్పేవాడి చెయ్యి ఎందుకు వణుకుతుందని. నిన్న నాది వణికింది.

ఇమాం